తమ్ముడు నడిచిన నడక

వీడియోలో మాటలు నేను రాసినవి. నడక కూడా నాదే. మాటలు తమ్ముడు అడిగి రాయించుకున్నాడు. నడక మాత్రం అడగలేదు.

ఆ ఏడాది ఎన్నికలు వానల్లో వచ్చాయి. మలేసియాలోని పెరాక్‌లో, నది సముద్రంలో కలిసే చోట ఉంది మా ఊరు. వానకి సముద్రం పోటు తోడైతే చాలు, మా ఫ్లాట్ల కింది అంతస్తులో మోకాలి లోతు నీళ్ళు నిలుస్తాయి. మా వైబీ (ఇక్కడ ఎమ్మెల్యేని అలాగే పిలుస్తాం) నీళ్ళు తీసిన మర్నాడు రబ్బరు బూట్లు తొడుక్కుని వచ్చేవాడు. బియ్యం బస్తా పట్టుకుని ఫొటో దిగి వెళ్ళిపోయేవాడు. పెద్ద కాలవ తవ్విస్తానని పోయిన ఎన్నికల్లోనూ అన్నాడు, అంతకుముందు ఎన్నికల్లోనూ అన్నాడు. మళ్ళీ నిలబడ్డాడు.

తమ్ముడు జయకుమార్ ఫోన్లు బాగుచేసే షాపులో పనిచేసేవాడు. తీరిక దొరికితే తమిళంలో చిన్న చిన్న నవ్వు వీడియోలు చేసి పెట్టేవాడు. ఇంట్లో మేం మాట్లాడుకునేది తెలుగే అయినా, ఊరిని నవ్వించాలంటే తమిళం కావాలి. వాటికి మాటలు నేను రాసేదాన్ని. ఆ సంగతి మా ముగ్గురికే తెలుసు: అమ్మకి, జయకి, నాకు.

నేను పుట్టినప్పుడు మెదడుకి ఊపిరి అందలేదట. కుడికాలు ఈడ్చి నడుస్తాను. ఎడమచెయ్యి మణికట్టు దగ్గర లోపలికి మడుచుకుని ఉంటుంది. మాట బయటికి వచ్చే ముందు నా మొహమంతా దానితో పెనుగులాడుతుంది. వచ్చాక కూడా అమ్మకీ జయకీ తప్ప ఎవరికీ సరిగా అర్థం కాదు. కుడిచేత్తో మాత్రం గబగబా టైపు చేస్తాను. ఇంట్లో కూర్చుని ఒక కంపెనీకి మలయ్ సీరియళ్ళ కింద అక్షరాలు వేసేదాన్ని. బయటివాళ్ళతో ఏదైనా చెప్పాలంటే ఫోన్‌లో టైపు చేసి చూపిస్తాను.

"అక్కా, వైబీ మీద ఒకటి రాసియ్యి. జనం మండిపోతన్నారు," అన్నాడు జయ ఒక సాయంత్రం. వంటింటి గట్టు మీద కూర్చుని, కాళ్ళు ఊపుతూ.

నాకూ మంటగానే ఉంది. కింది అంతస్తు ముసలావిడ పరుపు మూడోసారి తడిసి పాడైపోయింది. అన్నం తినడం కూడా మానేసి రాశాను. వరద చూడ్డానికి వచ్చిన వైబీని జనం నిలదీస్తారు. అతను అంటాడు: "కాలవ లేదంటారేమిటి? నా పోస్టర్‌లో ఉంది, చూడండి. నీళ్ళకే చదువు రాదు. పోస్టర్ చదవడం చేతకాక దారి తప్పి మీ ఇళ్ళలోకి వచ్చాయి." ఇంకోచోట: "ఈ కాలవకి ఎన్నిసార్లు శంకుస్థాపన చేశానో మీకు తెలుసా? ఆ రాళ్ళే ఇంత చోటు తినేస్తే ఇంక తవ్వేది ఎక్కడ?"

జయ చదివి గట్టు మీంచి దిగి, నేల మీద కూలబడి నవ్వాడు. "సంపేసినావక్కా! ఇంక ఆడు లెగడు!"

ఆ నవ్వు చూసి నాకు ఎంత గర్వంగా అనిపించిందో చెప్పలేను.

రెండు రోజుల తర్వాత పక్క ఫ్లాటు నిషా ఫోన్ పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. అమ్మ కళ్ళజోడు వెతుక్కుని, నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.

"రాయే ఉమా, మన జయిగాడు సూడు, టై కట్టినాడు!"

వీడియోలో జయ మెట్లు దిగి వస్తున్నాడు. కుడికాలు ఈడుస్తున్నాడు. ఎడమచెయ్యి మణికట్టు లోపలికి మడిచి ఛాతీకి ఆనించుకున్నాడు. నోరు ఒక పక్కకి లాగి, మొదటి మాట పలకడానికి తల వెనక్కి విరుచుకుని అవస్థ పడ్డాడు. పెదవి మీంచి కారిన చొంగ టై కొసతో తుడుచుకున్నాడు. చుట్టూ నిలబడ్డ వాడి స్నేహితులు అప్పటికే పగలబడి నవ్వుతున్నారు. నేను రాసిన మాట ఇంకా ఒక్కటీ రాలేదు. కింద పేరు పడింది: నొండి వైబీ. నొండి అంటే తమిళంలో కుంటి.

నిషా నవ్వింది. అమ్మ కూడా నవ్వింది. "సిన్నప్పుడూ ఇలాగే నడిసేవోడే ఈడు! నడక నేర్సుకున్నప్పుడు అక్కని సూసి కాలు ఈడ్సేవోడు. అదే నడకనుకున్నాడు. డాక్టరు దగ్గరికి కూడా తీసుకెల్లినాను..."

అక్కడ ఆగిపోయింది. నా వైపు చూసింది. ఫోన్ నిషాకి ఇచ్చేసి, "కాపీ తాగుతావేటే?" అంటూ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

కాఫీ తెచ్చి నా ముందు పెట్టింది.

సాయంత్రం జయ ఎగురుకుంటూ వచ్చాడు. ఊరంతా చూసిందట. పైనున్న పట్నాల్లో కూడా చూస్తున్నారట. బస్టాండులో ఎవరో 'నొండి వైబీ' అని కేకేసి చెయ్యి కలిపారట. "నడక ఎందుకు పెట్టినావు?" అని నేను అడగబోయాను. 'న' దగ్గరే మొహం బిగుసుకుపోయింది. ఆ మాట బయటికి వచ్చేలోపు వాడి ఫోన్ మోగింది. వాడు "ఒక్క నిమిషం అక్కా" అని బయటికి వెళ్ళిపోయాడు. మళ్ళీ నేను అడగలేదు.

మా ఫ్లాట్ల వాళ్ళు కాలవ గురించి ఇచ్చిన ఫిర్యాదుకి ఏళ్ళ తరబడి జవాబు లేదు. వీడియో మీద వైబీ మనుషులు ఫిర్యాదు ఇచ్చిన మర్నాడే పోలీసులు మా గుమ్మంలో ఉన్నారు. మధ్యాహ్నం వేళ. చెప్పులు బయట విప్పి, చాలా మర్యాదగా లోపలికి వచ్చారు. ఇంటర్నెట్‌లో ఇతరుల్ని అవమానించే మాటలు పెట్టడం నేరమని చెప్పారు. జయ ఫోన్ తీసుకున్నారు. బల్ల మీదున్న నా లాప్‌టాప్ కూడా తీసుకున్నారు.

"అది నాది," అన్నాను.

ఎవరికీ అర్థం కాలేదు. జయ మలయ్‌లో చెప్పాడు. "అది మా అక్క పని చేసుకునేది. అందులో ఏమీ లేదు. అన్నీ నేనే రాశాను, నేనే చేశాను."

ఇంట్లో ఉన్నవన్నీ చూడాలి, అన్నాడు ఆఫీసరు. జయ చెప్పులు తొడుక్కుంటుంటే అమ్మ వాడి చొక్కా పట్టుకుంది. "అన్నం ఒడ్డించేసినాను బాబూ. తిన్నాక ఎల్తాడు," అంది తెలుగులో. ఆఫీసరు జయకేసి చూశాడు. జయ ఆ మాట మలయ్‌లో చెప్పలేదు. అమ్మ వేళ్ళు ఒక్కొక్కటీ విడదీసి వెళ్ళాడు.

మర్నాడు మేజిస్ట్రేటు రిమాండ్ వేశాడు. షాపు యజమాని వేరేవాణ్ణి పెట్టుకున్నాడు. లాప్‌టాప్ లేక నా పని కూడా ఆగిపోయింది. అమ్మ దేవుడి పటం ముందు దీపం పెట్టి, అక్కడే కూర్చుండిపోయేది. వంట చేసేది గానీ తినేది కాదు.

అలాంటి రోజుల్లో సుగుమారన్ వచ్చాడు. వైబీ పార్టీకి మా పేటలో పెద్దదిక్కు. ఆరంజి పళ్ళ సంచి అమ్మ చేతికిచ్చి, నా కుర్చీ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. నాకు చెవుడు లేదు. అయినా తమిళంలో గట్టిగట్టిగా, ఒక్కొక్క మాటా విడదీసి మాట్లాడాడు.

"చూడమ్మా. నీలాంటి వాళ్ళని ఎగతాళి చేస్తే మాకు కడుపు మండుతుంది. నువ్వు బలైకి వచ్చి ఒక్క రిపోర్టు ఇస్తే చాలు. ఓకేయూ కార్డు ఉంది కదా? ఆ వీడియో చూసి నా మనసు నొచ్చింది అని రాయి. అంతే."

బలై అంటే పోలీసు స్టేషను. ఓకేయూ కార్డు మా దేశంలో వికలాంగులకి ఇచ్చేది. మొత్తం అర్థమైంది నాకు. వైబీని అవమానించాడని ఒక కుర్రాణ్ణి లోపల పెడితే ఓటర్లకి వైబీ మీద చిరాకు. వికలాంగురాలైన సొంత అక్కని అవమానించాడంటే ఆ చిరాకు జయ మీదికి తిరుగుతుంది.

"ఇస్తే నా కొడుకుని వదిలేస్తారా?" అంది అమ్మ తమిళంలో.

"వైబీ పెద్ద మనసు చేసుకుని క్షమిస్తారమ్మా. నేను మాట్లాడతాను."

ఫోన్ తీసి టైపు చేసి చూపించాను: నాకు నొచ్చిందని మీకెవరు చెప్పారు?

చదివి అతని మొహం వెలిగిపోయింది. "నొచ్చింది కదా! అదే, అదే రాయమ్మా!"

మళ్ళీ టైపు చేశాను: పోయినసారి వరదకి వైబీ మా అంతస్తుకి వచ్చారు. నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. ఈ పిల్లని లోపలికి తీసుకెళ్ళండి, ఫొటోలో పడుతోంది అన్నారు. మీరే నా భుజం పట్టుకుని లోపలికి పంపారు. దాని మీద కూడా రిపోర్టు ఇవ్వనా?

సుగుమారన్ మోకాళ్ళ మీంచి లేచాడు. "అది వేరే సంగతి," అన్నాడు. గుమ్మం దగ్గర ఆగి అమ్మతో, "ఆలోచించుకోమనండి. రిమాండ్ పొడిగించమని అడగబోతున్నారు," అని వెళ్ళిపోయాడు.

ఆ వారమే వైబీ ఒక సభలో ప్రతిపక్షాన్ని గుడ్డి చెవిటి గుంపు అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. ఆ మాట మీద ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు.

తర్వాత వచ్చింది తంగవేలు. లాయరు. అవతలి పార్టీ మనిషి. జయ కేసు ఊరికే వాదిస్తానని ముందుకొచ్చాడు. ఆయన కుర్చీలో కూర్చునే మాట్లాడాడు. నేను టైపు చేస్తుంటే ఓపిగ్గా ఆగాడు కూడా. అందుకు ఆయన మీద గౌరవం కలిగింది.

"వాళ్ళు నీ పేరు వాడుకుంటారమ్మా. వాళ్ళకంటే ముందు మనం ఒక వీడియో పెడదాం. నేను జయకుమార్ అక్కని, నాకేం నొప్పి కలగలేదు, ఇది రాజకీయ వ్యంగ్యం, నా తమ్ముణ్ణి వదలండి అని. నువ్వు మాట్లాడు, కింద మేం అక్షరాలు వేస్తాం. నిన్ను చూస్తే చాలు, రాష్ట్రం కదిలిపోతుంది."

టైపు చేశాను: నాకు నొచ్చింది. అయినా తమ్ముణ్ణి వదలాలి. ఈ రెండూ కలిపి చెబుతాను.

ఆయన తల అడ్డంగా ఊపాడు. "మొదటి సగం వాళ్ళు కోసుకుని వాడుకుంటారు. రెండో సగం ఎవరూ వినరు. ఎన్నికలమ్మా ఇవి. అయినా ఆ నడక వైబీది, నీది కాదు."

వైబీ తిన్నగా నడుస్తాడు, అని టైపు చేశాను.

"తిన్నగా నడిచేవాణ్ణి అలా చూపిస్తేనే కదా నవ్వొచ్చేది," అన్నాడు తంగవేలు. అన్నాక కాసేపు నా మొహంలోకి చూడలేక గోడ మీది క్యాలెండర్ వైపు తిరిగాడు.

ఆయన వెళ్ళాక అమ్మ నా ముందు కింద కూర్చుంది. రోజూ పొద్దున్నే నూనె రాసి మర్దనా చేసే కాలు అది. ఆ కాలినే రెండు చేతులతో పట్టుకుంది. మర్దనాకి కాదు.

"ఏదో ఒకటి సెప్పే. నొచ్చిందని సెప్తావో, నొవ్వనేదని సెప్తావో, నాకు తెలవదు. ఏది సెప్తే ఆడు ఇంటికొస్తాడో అదే సెప్పు. ఒక్క అబద్దం. నీ తమ్ముడి కోసం ఒక్క అబద్దం సెప్పలేవేటి?"

అమ్మ కన్నీళ్ళు నా పాదం మీద పడ్డాయి. నొచ్చిందంటే వాణ్ణి బిగించే తాడుకి ఇంకో ముడి వేసినట్టే. నొవ్వలేదంటే ఇక ముందు ఎవడు నా వెనకాల కాలు ఈడ్చి నడిచినా నేను నవ్వాలి. నా తమ్ముడి మీద నాకున్న కోపం నా సొంతం. దాన్ని బలైలో జమ చెయ్యాలని లేదు, వేదిక మీద మాఫీ చెయ్యాలని లేదు. కానీ అమ్మ నా కాలు వదలడం లేదు.

అబద్ధం కాకుండా నా దగ్గర ఉన్నది ఒక్కటే. పోలీసులు పట్టుకున్నది మాటల్ని. ఆ మాటలు నావి.

మర్నాడు పొద్దున్న గొడుగేసుకుని ఒక్కదాన్నే బలైకి వెళ్ళాను. దారంతా బురద. కాలు జారి రెండుసార్లు పడబోయాను. అక్కడ జయ కేసు చూసే ఇన్‌స్పెక్టరు గది చూపించారు. మధ్యవయసువాడు, మెత్తని మనిషి. నన్ను చూడగానే లేచి కుర్చీ జరిపాడు. నేను ముందే మలయ్‌లో టైపు చేసి పెట్టుకున్నది చూపించాను. ఆ వీడియోలో ప్రతి మాటా నేనే రాశాను. నా తమ్ముడు చదివాడు అంతే. నేరం మాటలదైతే అరెస్టు చెయ్యాల్సింది నన్ను.

మొత్తం చదివాడు. ఫోన్ నాకు తిరిగిచ్చాడు.

"ఇది ఎవరు టైపు చేసి ఇచ్చారమ్మా?"

నేనే, అని టైపు చేశాను, అతను చూస్తుండగానే.

"తమ్ముడంటే చాలా ప్రేమ కదా," అన్నాడు.

నా లాప్‌టాప్ మీ దగ్గరే ఉంది, తెరిచి చూడండి అని రాశాను. "చూశాం. మీ తమ్ముడు అవన్నీ తనవేనన్నాడు. సంతకం కూడా పెట్టాడు," అన్నాడు. నాకు ఆవేశం ఆగక నోటితో చెప్పబోయాను. శంకుస్థాపన రాళ్ళ మాట నాది, పోస్టర్ మాట నాది, ఇంకో నలభై రాసి చూపిస్తాను, కాగితం ఇవ్వండి అని. గొంతు లేచింది. మెడ విరుచుకుపోయింది. బల్ల మీద కాగితాల మీద నా చొంగ పడింది. బయట కూర్చున్న కానిస్టేబుళ్ళు లోపలికి తొంగి చూశారు.

ఇన్‌స్పెక్టరు టిష్యూ పెట్టె నా వైపు తోశాడు. నీళ్ళు తెప్పించాడు. ఎవరినో పిలిచి, "ఇంట్లోవాళ్ళకి ఫోన్ చెయ్యండి, వచ్చి తీసుకెళ్తారు. వానలో ఒక్కదాన్ని పంపకండి," అన్నాడు. నిజంగానే జాలిపడ్డాడు. నా జీవితంలో ఎవరి మీదా అంత అసహ్యం కలగలేదు.

అమ్మ వచ్చేదాకా గంటసేపు ఆ బెంచీ మీద కూర్చున్నాను. ఒక కానిస్టేబుల్ నాకు బిస్కెట్లు ఇచ్చాడు.

రిమాండ్ పొడిగించే రోజు కోర్టు వరండాలో జయని చూశాం. నారింజ రంగు లాకప్ చొక్కా, చేతులకి బేడీలు. గడ్డం పెరిగింది. కానిస్టేబుల్ ఒక నిమిషం మాట్లాడనిచ్చాడు. అమ్మ వాడి మొహం తడుముతూ ఉండిపోయింది.

జయ నా వైపు వంగాడు. "అక్కా, బలైకెందుకు ఎల్లినావు? నువ్వు రాసినావని ఎవరికీ సెప్పకు. ఒట్టు." గొంతు తగ్గించాడు. "లాయరు సెప్పినట్టు ఆ వీడియో ఒకటి ఇచ్చెయ్యి. నీకేటీ నొవ్వనేదని సెప్పు సాలు. లోపల నా వల్ల కాటంలేదు. నిజంగానే నొవ్వనేదు కదా? మనం ఇలాటియి ఎన్ని సేసుకోనేదు?"

వాడు నిజంగానే అడుగుతున్నాడు. ఆ కళ్ళలో నాటకం లేదు. ఇన్నాళ్ళూ వాడికి తెలియనే తెలియదు.

నా పెదవులు బిగుసుకున్నాయి. వాడు ఆగాడు. ఈసారి వాడికి ఫోన్ లేదు, వెళ్ళడానికి చోటు లేదు.

"నొచ్చింది," అన్నాను.

అమ్మ చెయ్యి వాడి చెంప మీదే ఆగిపోయింది.

"ఏమంటోంది?" అన్నాడు కానిస్టేబుల్ మలయ్‌లో. అతనికి తెలుగు రాదు. ఆ వరండాలో మా ముగ్గురికి తప్ప ఎవరికీ రాదు.

జయ అతని వైపు తిరిగాడు. "అన్నం తిన్నావా అని అడుగుతోంది," అన్నాడు.

ఆ తర్వాత వాణ్ణి లోపలికి తీసుకెళ్ళారు. నేను ఆ వీడియో ఇవ్వలేదు. జయ మళ్ళీ అడగలేదు.

చివరికి కేసు పెట్టి, జామీను మీద వదిలారు. జామీను తంగవేలు పార్టీవాళ్ళు ఏర్పాటు చేశారు. ఇంటికొచ్చిన జయ రెండు రోజులు మంచం దిగలేదు. నా గదిలోకి రాలేదు. నేను నడుస్తుంటే మాత్రం, నా కాలు నేల మీద ఈడ్చుకున్న చప్పుడు వినబడగానే, కళ్ళు మూసుకునేవాడు. ఒకసారి తలుపు సందులోంచి చూశాను.

ప్రచారం ముగిసే ముందురోజు తంగవేలు వచ్చాడు. మైదానంలో పెద్ద సభ. జయ వేదికెక్కి నొండి వైబీ చెయ్యాలి.

"బయటికి తెచ్చింది మేమే కదా తమ్ముడూ. కేసు చివరిదాకా చూసుకునేదీ మేమే. పది నిమిషాలు. జనం నీకోసమే వస్తున్నారు," అన్నాడు.

"ఎక్కు నాయినా. ఆల్లు తప్ప మనకెవులున్నారు?" అంది అమ్మ.

జయ నా వైపు చూశాడు. చాలా రోజుల తర్వాత తిన్నగా చూశాడు. "వస్తాను సార్," అన్నాడు.



సాయంత్రానికి వాన తెరిపిచ్చింది. మైదానం నిండా గొడుగులు, ప్లాస్టిక్ కుర్చీలు. అమ్మనీ నన్నూ ముందు వరసలో కూర్చోబెట్టారు. ఒకతను ఫోన్‌తో నా మొహం వీడియో తీస్తున్నాడు. నొండి వైబీ అని పేరు పిలవగానే జనం లేచి నిలబడ్డారు. ఈలలు. డప్పులు.

జయ వేదిక మీదికి వచ్చాడు. టై కట్టుకున్నాడు. మైకు దగ్గరికి తిన్నగా నడిచి వచ్చాడు. చేతులు రెండూ పక్కన వేలాడేసుకుని నిలబడ్డాడు.

జనం ఆగారు. ఇంకా మొదలుపెట్టలేదనుకున్నారు.

"కాలవ లేదంటారేమిటి?" అన్నాడు జయ మామూలు గొంతుతో. "నా పోస్టర్‌లో ఉంది, చూడండి. నీళ్ళకే చదువు రాదు..."

ఎవరో ఒకరిద్దరు నవ్వారు. వెనకనుంచి కేక వచ్చింది. "నడువ్! నొండి, నడువ్!" ఇంకొకరు అందుకున్నారు. కాసేపటికి మైదానమంతా "నొండి! నొండి!" అని చప్పట్లతో తాళం వేస్తోంది. వేదిక పక్కన తంగవేలు తన ఎడమచెయ్యి లోపలికి మడిచి చూపిస్తూ సైగ చేస్తున్నాడు, ఇలా, ఇలా అని. జయ అటు చూడలేదు. శంకుస్థాపన రాళ్ళ మాట చెప్పాడు. మధ్యలో ఒక వాక్యం మర్చిపోయి, మళ్ళీ వెనక్కి వెళ్ళి మొదటినుంచి చెప్పాడు. నీళ్ళ సీసా ఒకటి వచ్చి వాడి భుజానికి తగిలింది. అయినా చివరిదాకా చెప్పాడు. చెప్పి, దండం పెట్టి దిగిపోయాడు.

నేను రాసిన మాటలు బయట ఒకరి నోట మామూలుగా వినడం నాకు అదే మొదటిసారి. మొదట్లో ఆ ఒకరిద్దరు తప్ప ఎవరూ నవ్వలేదు. నా మాటలకి ఇంతకుముందు వచ్చిన నవ్వంతా నా కాలుదేనేమో అనిపించి, నాకు అక్కడే చచ్చిపోవాలనిపించింది.

ఇంటికి నడిచే వెళ్ళాం. అమ్మ ముందు, మేమిద్దరం వెనక. జయ నా పక్కనే నా అడుగుకి తగ్గట్టు నెమ్మదిగా నడిచాడు.

"పాడుసేసినాను కదక్కా," అన్నాడు. "నీ మాటలు బాగున్నాయి. నాకే సేతకానేదు."

రాళ్ళ వాక్యం పొడుగైంది, కొంచెం కొయ్యాల్సింది, అని చెప్పాను. ఆ నాలుగు ముక్కలు చెప్పేసరికి మా వీధి వచ్చేసింది. వాడు మధ్యలో ఒక్కసారి కూడా నాకు మాట అందించలేదు.

వైబీ గెలిచాడు. తంగవేలు ఫోన్ ఎత్తడం మానేశాడు. తర్వాత ఒకసారి బజారులో కనబడి, "పై నుంచి వద్దన్నారమ్మా, నా చేతుల్లో లేదు," అని అమ్మకి చెప్పి తల వంచుకుని వెళ్ళిపోయాడట. కోర్టువాళ్ళు ఇచ్చిన కొత్త లాయరు అమ్మాయి మంచిదే. కానీ ఆమెకి ఫైలు చదివే వ్యవధి కూడా దొరకలేదు. నేరం ఒప్పుకుంటే తక్కువతో పోతుందని చెప్పింది. జయ ఒప్పుకున్నాడు. మాటలు నావేనని ఆమెకి రాసి చూపించాను. "దయచేసి అక్కా, ఇప్పుడు ఇంకో కేసు కూడా ఎందుకు," అంది.

తీర్పు రోజు వెనక బెంచీలో అమ్మా నేనూ కూర్చున్నాం. మేజిస్ట్రేటు మలయ్‌లో వేగంగా చదివాడు. బాధ్యతగల ప్రజాప్రతినిధిని అవమానించడం గురించి చదివాడు. తర్వాత వికలాంగుల గురించి కొన్ని వాక్యాలు. వాళ్ళ గౌరవాన్ని ముద్దాయి కించపరిచాడని, వాళ్ళ మనసులు గాయపడ్డాయని, సమాజం అలాంటివాటిని సహించకూడదని. కాగితం మీంచి తల ఎత్తకుండా చదివాడు. నేను ఆ గదిలోనే ఉన్నాను. నన్నెవరూ ఏమీ అడగలేదు.

జయని పక్క తలుపులోంచి తీసుకెళ్ళారు. వాడు ఒకసారి వెనక్కి తిరిగాడు గానీ మధ్యలో మనుషులు అడ్డం వచ్చారు.

వరండాలోకి వచ్చాక అమ్మ నా మోచెయ్యి పట్టుకుంది. బజారు మలయ్ తప్ప కోర్టు మలయ్ ఆమెకి అందదు. లాయరు అమ్మాయి ఇంకో కేసుకి పరుగెత్తింది. చుట్టూ చూస్తే మాకు చెప్పేవాళ్ళెవరూ లేరు.

"ఏటన్నారే? ఇంటికి పంపుతారంటనా?"

ఫోన్ తియ్యలేదు. అమ్మకి చదవడం రాదు. నోరు తెరిచాను. మొదటి అక్షరం దగ్గరే దవడ బిగుసుకుంది. మెడ పక్కకి లాగేసింది. పక్కనుంచి పోతున్నవాళ్ళు తలలు తిప్పి చూశారు. ఎవరో ఒకావిడ ఆగి, ఏమైనా సాయం కావాలా అని అమ్మని అడిగింది. అమ్మ ఆవిడకి జవాబు చెప్పలేదు. నా పెదవులకేసే చూస్తూ నిలబడింది.

"నిదానంగా సెప్పు," అంది. "నానెక్కడికీ పోను."

"ఆరు నెలలు," అన్నాను.